‘ఓన్లీ’ ఏ మాట పక్కన నిలబడాలి?

బ్యాంకు చెక్కు మీద సొమ్మును అక్షరాల్లో రాసి, చివర ‘ఓన్లీ’ అనో ‘మాత్రమే’ అనో చేర్చడం మన దేశంలో అందరికీ అలవాటే. అదే మాట బట్టల కొట్టు ముందు వేలాడే అట్ట మీదా కనిపిస్తుంది: ‘చొక్కా 499 రూపాయలు మాత్రమే’. మాట ఒకటే అయినా రెండు చోట్లా అది చేసే పని వేరు. చెక్కు మీద అది కాపలా కాస్తుంది. ఇంగ్లీషులో ‘రూపీస్ టెన్ థౌజండ్’ అని రాస్తే రూపాయల మాట ముందే వచ్చేస్తుంది, వాక్యం తోక తెరుచుకునే ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరైనా మరో అయిదు వందలు తగిలించవచ్చు. ‘ఓన్లీ’ ఆ తలుపు మూసేస్తుంది. పది వేలు తక్కువ సొమ్మని దాని అర్థం కాదు. కొట్టు ముందు అట్ట మీద మాత్రం అదే దాని అర్థం: మీరు ఎంతో అనుకుని ఉంటారు, ఇది అంతకన్నా తక్కువ అని.

ఇంగ్లీషులో పదే పదే వాడే క్రియా విశేషణాల్లో ‘ఓన్లీ’ ఒకటి. మూడో తరగతి పిల్లవాడికీ తెలిసిన మాట. అయినా దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలన్న తగాదా రెండున్నర శతాబ్దాలుగా నడుస్తోంది. తర్కశాస్త్రంలో, అర్థశాస్త్రంలో, అంటే మాటల అర్థాన్ని పరిశీలించే శాస్త్రంలో, దాని మీద రాసినంత చాలా పెద్ద మాటల మీద కూడా రాయలేదు. తెలుగువారికి ఈ తగాదాతో సొంత సంబంధం కూడా ఉంది. మనం మాట్లాడే ఇంగ్లీషులో నలుగురూ వెంటనే పట్టేసే గుర్తుల్లో ‘హియర్ ఓన్లీ’, ‘టుమారో ఓన్లీ’ ముందు వరసలో ఉంటాయి. వాటిని తప్పు అని కొట్టిపారేసేవారే ఎక్కువ. అవి ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ పని చేస్తున్నాయో చూసేవారు తక్కువ.

ముందు మాట పుట్టుక. పాత ఇంగ్లీషులో ఇది ‘ఆన్‌లిక్’. ‘ఆన్’ అంటే ఒకటి, ‘లిక్’ అంటే వంటి. ఒకటి వంటిది, ఒంటిగా ఉన్నది అని మూలార్థం. ఒకటికి ఇవాళ ఇంగ్లీషువారు ‘వన్’ అంటున్నారు గాని, ఆ ఉచ్చారణ తరువాత వచ్చింది. పాత ‘ఓ’ ధ్వని ‘ఓన్లీ’లోనూ, ‘అలోన్’లోనూ అలాగే నిలిచిపోయింది. తెలుగులోనూ ఈ అర్థం ఒకటి నుంచే పుట్టింది. ‘ఒక్కడే వచ్చాడు’, ‘ఒక్క రూపాయి ఇచ్చాడు’, ‘ఒంటరి’, ‘ఒంటిపూట’, ‘ఒక్కగానొక్క’ అన్నీ ఆ కుదురు నుంచి వచ్చినవే. రెండు వేర్వేరు భాషా కుటుంబాలు. మిగతావన్నీ తోసేసి ఒకదాన్ని నిలబెట్టాలంటే రెండూ ఒకటి అనే అంకెనే పట్టుకున్నాయి.

ఈ ‘ఒక్కగానొక్క’ దగ్గరే ఇంగ్లీషు మాట చోటు ఎంత మార్పు తెస్తుందో తెలుస్తుంది. ‘ఎన్ ఓన్లీ చైల్డ్’ అంటే తోబుట్టువులు లేని ఒక్కగానొక్క బిడ్డ. ‘ఓన్లీ ఎ చైల్డ్’ అంటే ఇంకా పసివాడే, వాడి మీద కోపం ఎందుకు అని. ఏకవచనాన్ని చెప్పే ఆ చిన్న ముక్క ఇటు నుంచి అటు జరిగింది, అంతే. మొదటి దానిలో ‘ఓన్లీ’ విశేషణం, లెక్క చెబుతుంది. రెండో దానిలో క్రియా విశేషణం, స్థాయి చెబుతుంది.

ఈ లెక్క, స్థాయి అన్న తేడా చెక్కుకూ కొట్టుకూ మధ్య చూసిన తేడాయే. ‘గదిలో అయిదుగురే ఉన్నారు’ అంటే ఆరో మనిషి లేడని. ‘ఆయన గుమాస్తానే కదా’ అంటే ఆయనకు వేరే ఉద్యోగాలు లేవని చెప్పడం కాదు. ఉద్యోగాల మెట్ల వరసలో ఆ మెట్టు కింద ఉందని చెప్పడం. కాలానికీ ఇదే మెట్ల వరస ఉంది. ‘ఇట్ ఈజ్ ఓన్లీ నైన్’ అంటే తొమ్మిదే అయింది, ఇంకా బోలెడు సమయం ఉంది. గడియారంలో మిగతా గంటలు లేవని ఎవరూ అనుకోరు. మెట్ల వరస ఏదో వాక్యం చెప్పదు, సందర్భం చెబుతుంది. అందుకే ‘ఓన్లీ’ ఉన్న వాక్యాన్ని సందర్భం లేకుండా అనువదించబోతే చెయ్యి ఆగిపోతుంది.

లెక్క చెప్పే ‘ఓన్లీ’లోనూ ఒక మెలిక ఉంది. ‘రాముడొక్కడే పరీక్ష గట్టెక్కాడు’ అన్న మాటలో రెండు సంగతులున్నాయి. ఒకటి, రాముడు గట్టెక్కాడు. రెండు, మిగతా వారెవరూ గట్టెక్కలేదు. ఈ రెండూ వాక్యంలో సమానంగా లేవు. ఎవరైనా ‘కాదు కాదు, అది నిజం కాదు’ అని ఖండిస్తే ఏమని అర్థమవుతుంది? సీత కూడా గట్టెక్కిందని. రాముడు తప్పాడని కాదు. అంటే మొదటి సంగతి నేల లాంటిది, ఖండన దాన్ని తాకదు. దాని మీద కట్టిన రెండో సంగతి మాత్రమే కూలుతుంది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త లారెన్స్ హార్న్ 1969లో ఈ విడదీతను స్పష్టంగా ముందుకు తెచ్చారు. ముందే ఒప్పుకున్నట్టు భావించేది ఒకటి, కొత్తగా నొక్కి చెప్పేది మరొకటి అని. ఆ తరువాత దాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి, ఇప్పటికీ ఆగలేదు. అయినా ఖండించి చూసే ఈ పరీక్ష ఎవరైనా ఇంట్లో కూర్చుని చేసుకోగలిగినది. ‘కేవలం’, ‘మాత్రమే’, ‘తప్ప’ లాంటి మాటలన్నిటి మీదా దీన్ని ప్రయోగించి చూడవచ్చు. ‘నీళ్లు తప్ప ఏమీ తాగలేదు’ అన్నది అబద్ధమైతే, మజ్జిగ కూడా తాగాడన్న మాటే ముందుగా తోస్తుంది.

ఇక అసలు తగాదా, మాట చోటు గురించి. 1760ల్లో ఇంగ్లండులో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడి వ్యాకరణం చాలా పేరు తెచ్చుకుంది. ఆయన తరువాత లండన్ బిషప్ కూడా అయ్యారు. ‘నేను మూడే మాటలు మాట్లాడాను’ అనడానికి ఇంగ్లీషువారు ‘ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్’ అంటారని, ‘ఓన్లీ’ని క్రియ ముందు కాకుండా మూడు అన్న అంకె ముందు పెట్టాలని ఆయన దిద్దారు. అది ఏ మాటను పట్టుకుంటుందో ఆ మాట పక్కనే ఉండాలన్నది ఆయన సూత్రం. బడి పుస్తకాలు ఆ సూత్రాన్ని తరతరాలుగా మోసుకొచ్చాయి. 1926లో హెన్రీ ఫౌలర్ తన ఇంగ్లీషు వాడుక నిఘంటువులో దీనికి అడ్డం తిరిగారు. ‘అతను చనిపోయి వారమే అయింది’ అనడానికి మామూలు మనుషులు ‘హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో’ అంటారు. అందులో తికమకపడేవారు ఎవరూ లేనప్పుడు దాన్ని బలవంతంగా దిద్దడం దేనికి అన్నది ఆయన వాదం. రోజువారీ ఇంగ్లీషు ఆయన పక్షానే ఉంది. క్రియకు ముందున్న చోటు ‘ఓన్లీ’కి ఇల్లు లాంటిది. అక్కడ కూర్చునే దూరంగా ఉన్న మాటను పట్టుకోవడం దాని స్వభావం.

దూరం నుంచి ఎలా పట్టుకుంటుంది? గొంతుతో. ‘ఐ ఓన్లీ మెట్ రవి ఎట్ ద మార్కెట్’ అన్న వాక్యాన్ని మూడు రకాలుగా పలకవచ్చు. రవి మీద ఊనిక పెడితే, బజారులో రవినే కలిశాను, ఇంకెవరినీ కలవలేదు అని. బజారు మీద ఊనిక పెడితే, రవిని బజారులోనే కలిశాను, వాళ్లింటికి వెళ్లలేదు అని. క్రియ మీద ఊనిక పెడితే, కలిశానంతే, పని సంగతి మాట్లాడలేదు అని. వాక్యంలో అక్షరం మారలేదు. ఊనిక మారితే నిజానిజాలే మారిపోతున్నాయి. రవినీ కమలనూ ఇద్దరినీ బజారులోనే కలిసి ఉంటే మొదటి అర్థంలో అది అబద్ధం, రెండో అర్థంలో నిజం. గొంతులో ఎక్కడ ఊనిక పడితే అక్కడికి ‘ఓన్లీ’ ఎలా చేరుతుందో భాషాశాస్త్రవేత్త మాట్స్ రూత్ 1985లో తన పరిశోధన గ్రంథంలో సిద్ధాంతంగా కట్టారు. ఆ తరువాత ఈ రంగంలో పని చేసిన ప్రతివారూ దాన్ని ఒప్పుకోవడమో కాదనడమో చేయక తప్పలేదు.

కాగితానికి గొంతు లేదు. తగాదా అంతా ఇక్కడే. మందు సీసా మీద ‘ఓన్లీ టేక్ టూ టాబ్లెట్స్ ఇన్ ద మార్నింగ్’ అని రాసి ఉందనుకుందాం. రెండు మించి వద్దనా? ఉదయం తప్ప ఇంకెప్పుడూ వద్దనా? రోగికి ఈ తేడా చిన్నది కాదు. ఫౌలర్ మాట సంభాషణకు నిలుస్తుంది. మందు చీటీ, ఒప్పంద పత్రం, ప్రశ్నపత్రం లాంటి చోట లౌత్ మాటే నిలుస్తుంది. రెండిటినీ ఒకదానికొకటి పోటీగా చూడాల్సిన పని లేదు. గొంతు వినిపించే చోట ‘ఓన్లీ’ తన ఇంట్లో ఉండవచ్చు. గొంతు వినిపించని చోట అది పట్టుకోవలసిన మాట దగ్గరికి నడిచి రావాలి.

ఆ మందు సీసా మీది వాక్యాన్ని తెలుగు చేయబోతే, తెలుగు ఒక తీర్పు అడుగుతుంది. ‘ఉదయం రెండు మాత్రలే వేసుకోవాలి’ అనాలి, లేదా ‘ఉదయమే రెండు మాత్రలు వేసుకోవాలి’ అనాలి. రెండూ కాని మధ్యస్థమైన వాక్యం తెలుగులో దొరకదు. కారణం ‘ఏ’. మన వ్యాకరణాలు అవధారణార్థకం, అంటే నొక్కి చెప్పేది, అని పిలిచే ఈ ఒక్క అచ్చు, తాను పట్టుకోవలసిన మాటకే అంటుకుంటుంది. దూరాన కూర్చుని చూడదు. ‘సీత నిన్న కమలకు పుస్తకం ఇచ్చింది’ అన్న వాక్యం తీసుకుంటే, సీతే ఇచ్చింది, నిన్ననే ఇచ్చింది, కమలకే ఇచ్చింది, పుస్తకమే ఇచ్చింది అని ఒక్కో మాట మీదికీ దాన్ని జరపవచ్చు. క్రియ మీదికి వచ్చేసరికి మాత్రం అది రూపం మార్చుకుంటుంది: ‘ఇవ్వనే ఇచ్చింది’. ఇంగ్లీషు గొంతుతో చేసే పనిని తెలుగు అక్షరంతో చేస్తుంది. కాబట్టి కాగితం మీద కూడా అది చెక్కుచెదరదు.

ఈ నిర్మాణం నాలుక మీద పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఏం చేస్తాడు? పట్టుకోవలసిన మాట చెప్పి, దాని వెనకే ‘ఓన్లీ’ పెడతాడు. ఇక్కడే అనడానికి ‘హియర్ ఓన్లీ’. ఇదే అనడానికి ‘దిస్ ఓన్లీ’. ఇవాళే అనడానికి ‘టుడే ఓన్లీ’, కొందరి నోట ‘టుడే ఇట్‌సెల్ఫ్’. తెలుగువారు మాత్రమే ఇలా అనరు. హిందీలో ‘హీ’, తమిళంలో ‘తాన్’, కన్నడంలో మనలాగే ‘ఏ’, మలయాళంలో ‘తన్నె’ ఇదే పని చేస్తాయి, అన్నీ మాట వెనకే వస్తాయి. ఇన్ని భాషల వారు ఒకే చోటికి తోస్తుంటే ఇంగ్లీషు మాట అటు జరగడంలో వింత లేదు. భారతీయ ఇంగ్లీషును పరిశీలించిన రాకేశ్ భట్, క్లౌడియా లాంగే వంటి పరిశోధకులు దీన్ని పొరపాట్ల జాబితాలో వేయలేదు. ఒక మాటను ఎత్తి చూపడానికి ఏర్పడ్డ పద్ధతిగా, నియమాలున్న వాడుకగా వర్ణించారు.

మాట వెనక ‘ఓన్లీ’ పెట్టడం ఇంగ్లీషుకు కొత్తదని కూడా అనలేం. ‘లేడీస్ ఓన్లీ’, ‘స్టాఫ్ ఓన్లీ’ అని ఇంగ్లండులోనూ బోర్డులు రాస్తారు. చెక్కు మీది ‘అకౌంట్ పేయీ ఓన్లీ’ అన్న గీతల మధ్య మాటలు ఇంగ్లీషు బ్యాంకుల నుంచే మనకు వచ్చాయి. కాబట్టి చోటు అసలు సమస్య కాదు. అర్థం దగ్గర ఉంది చిక్కు. ఇంగ్లీషు ‘ఓన్లీ’ ఎప్పుడూ దేన్నో తోసేస్తుంది, లేదా తక్కువ చేస్తుంది. మన ‘ఏ’ ఆ రెండూ చేయకుండా ఊరికే వేలు పెట్టి చూపగలదు. ‘ఇంట్లోనే ఉన్నాను’ అని ఫోనులో చెప్పే మనిషి ఇంకెక్కడా లేనని వాదించడం లేదు. ఎక్కడున్నాడో చెబుతున్నాడు, అంతే.

ఈ తేడాకు పేర్లు పెట్టి చూపినవారు మన దేశంలో ఎప్పుడో ఉన్నారు. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి సంస్కృతంలోని ‘ఏవ’ అన్న అవ్యయాన్ని మూడు పనులుగా విడదీశారు. మొదటిది ‘పార్థ ఏవ ధనుర్ధరః’. అర్జునుడే విలుకాడు, అంతటివాడు మరొకడు లేడు. అర్జునుడు కాని వారికి ఆ గుణంతో సంబంధాన్ని తోసిపుచ్చడం కాబట్టి ఇది అన్యయోగవ్యవచ్ఛేదం. రెండోది ‘చైత్రో ధనుర్ధర ఏవ’. చైత్రుడు విలుకాడే. ఇంకెవరూ కాదని దీని భావం కాదు, చైత్రుడు విలుకాడు కాడేమో అన్న అనుమానాన్ని తోసిపుచ్చుతుంది. అతనికీ ఆ గుణానికీ సంబంధం లేకపోవడాన్ని కొట్టివేయడం, అంటే అయోగవ్యవచ్ఛేదం. మూడోది ‘నీలం సరోజం భవత్యేవ’. నీలి తామర ఉండనే ఉంటుంది. తామరలన్నీ నీలమని కాదు, నీలమైనవే తామరలనీ కాదు. నీలి తామర అసలే ఉండదనే మాటను తోసిపుచ్చడం, అంటే అత్యంతాయోగవ్యవచ్ఛేదం. మొదటి దానిలో ‘ఏవ’ కర్త వెనక ఉంది, రెండో దానిలో గుణం వెనక ఉంది, మూడో దానిలో క్రియ వెనక ఉంది. చోటును బట్టే పని.

తెలుగు ‘ఏ’ ఈ మూడిటినీ ఉన్నదున్నట్టు మోస్తుంది: అర్జునుడే, విలుకాడే, ఉండనే ఉంటుంది. ఇంగ్లీషు ‘ఓన్లీ’ మాత్రం సూటిగా మొదటిదాన్నే మోస్తుంది. మిగతా రెండిటికీ ఇంగ్లీషువారు ‘ఇన్‌డీడ్’ లాంటి వేరే మాటలు వెతుక్కోవాలి. మన ఇంగ్లీషులో జరిగింది ఇదే. ఒకే పని తెలిసిన మాట చేతికి మూడు పనుల బరువు ఎత్తారు. తెలుగు మనిషి ఒకరు ‘హి ఈజ్ ఎ డాక్టర్ ఓన్లీ’ అన్నాడనుకుందాం. అతని మనసులో ఉన్నది ‘ఆయన డాక్టరే’. అనుమానం అక్కర్లేదు, ఆయన నిజంగా వైద్యుడే, ధైర్యంగా వెళ్లండి అని భరోసా. లండన్‌లోనో షికాగోలోనో పెరిగిన మనిషి చెవికి అది ‘ఆయన ఉత్త డాక్టరు’ అని వినిపిస్తుంది. స్పెషలిస్టు కాదనో, ఆసుపత్రి పెద్ద కాదనో అనుకుంటాడు. భరోసాగా బయలుదేరిన మాట చిన్నచూపుగా చేరింది. ఇద్దరిలో ఎవరికీ ఇంగ్లీషు రాక కాదు. ఒకరు అయోగాన్ని కొట్టివేశారు, ఇంకొకరు మెట్ల వరస విన్నారు.

ఇంతకన్నా ఖరీదైన పొరపాటు కాలం దగ్గర జరుగుతుంది. ‘రేపే పంపిస్తాను’ అన్న తెలుగు మాటలో తొందర ఉంది, ఆలస్యం చేయనన్న హామీ ఉంది. దాన్నే ‘ఐ విల్ సెండ్ ఇట్ టుమారో ఓన్లీ’ అని విదేశంలోని సహోద్యోగికి రాస్తే, అతను ‘రేపటికి గాని పంపడట’ అని చదువుకుంటాడు. ఇంగ్లీషులో రోజు పక్కన వచ్చే ‘ఓన్లీ’కి అంతకుముందు కాదు అన్న అర్థం తేలిగ్గా వస్తుంది. హామీ కాస్తా వాయిదా అయిపోయింది. తెలుగులో ఈ రెండూ ఎంత దూరమో చూడండి: ‘శుక్రవారమే అందుతుంది’, ‘శుక్రవారానికి గాని అందదు’. ఒకటి సంతోషపెట్టేది, ఒకటి విసిగించేది. ఇంగ్లీషులో ఒకే మాట రెండిటి మీదా పడుతుంది. విదేశీ సంస్థలతో రోజూ ఉత్తరాలు నడిపే తెలుగువారు ఈ ఒక్కచోట ‘ఓన్లీ’ని పూర్తిగా మానేసి, ‘ఫలానా రోజు లోపల’ అనో ‘కచ్చితంగా ఫలానా రోజున’ అనో రాయడం మంచిది. ఇంట్లో, స్నేహితుల మధ్య ‘హియర్ ఓన్లీ’ అంటే మాత్రం తలవంచుకోవలసిన పని లేదు. అది మన నేల మీద పెరిగిన ఇంగ్లీషు, దానికి సొంత తర్కం ఉంది, ఆ తర్కానికి పదమూడు వందల ఏళ్ల నాటి విశ్లేషణ కూడా ఉంది. వినేవారు ఎవరన్న దాన్ని బట్టి మాట ఎంచుకోవాలి. అంతకుమించి దీనిలో తప్పొప్పుల ప్రసక్తి లేదు.

‘ఓన్లీ’ ఇతర మాటలతో కలిసి ఏర్పడే పలుకుబళ్లు కొన్ని ఉన్నాయి. వీటిలో ‘మాత్రమే’ అన్న అనువాదం పెట్టిన చోటల్లా వాక్యం చెడుతుంది. ‘ఓన్లీ ఇఫ్’ అంటే షరతు తీరితేనే. ‘చదివితే గట్టెక్కుతావు’ అన్నది హామీ. ‘చదివితేనే గట్టెక్కుతావు’ అన్నదానిలో ఆ హామీ లేదు, చదవకపోతే లాభం లేదన్న హెచ్చరికే ఉంది. ‘టికెట్ ఉంటేనే లోపలికి పంపుతారు’ అన్నచోట టికెట్ ఉన్న మనిషిని కూడా వేరే కారణంతో ఆపవచ్చు. అవసరమైనది, సరిపోయినది అన్న తేడాను గణితం నేర్పడానికి చాలా పేజీలు తీసుకుంటుంది. తెలుగులో అది ‘తే’కీ ‘తేనే’కీ మధ్య ఉంది. ఆ రెండు మాటలనే తలకిందులు చేసి ‘ఇఫ్ ఓన్లీ’ అంటే షరతు మాయమై నిట్టూర్పు మిగులుతుంది: పది నిమిషాలు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

‘ఓన్లీ టు’ దగ్గర అనువాదకులు ఎక్కువగా జారిపడతారు. స్టేషనుకు పరుగెత్తాడు, ‘ఓన్లీ టు ఫైండ్’ రైలు వెళ్లిపోయిందని. దీన్ని ‘రైలు వెళ్లిపోయిందని తెలుసుకోవడానికి మాత్రమే స్టేషనుకు పరుగెత్తాడు’ అని తెలుగు చేసినవి అచ్చులో కూడా కనిపిస్తుంటాయి. రైలు పోయిందని తెలుసుకోవడానికి ఎవరూ పరుగెత్తరు. ఇక్కడ ‘ఓన్లీ’ ఉద్దేశాన్ని చెప్పడం లేదు, ఆశ విరగడాన్ని చెబుతోంది. తెలుగులో దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట ఉంది: తీరా. ‘స్టేషనుకు పరుగెత్తాడు, తీరా చూస్తే రైలు వెళ్లిపోయింది.’ అలాగే ‘ఓన్లీ’ రెండు వాక్యాలను కలిపే మాటగా వచ్చినప్పుడు ‘కాకపోతే’ సరిపోతుంది: ‘రావాలనే ఉంది, కాకపోతే చేతిలో డబ్బు లేదు.’ ‘ఓన్లీ టూ హ్యాపీ’ అంటే తక్కువ సంతోషం అనుకుంటే బోర్లా పడ్డట్టే, అది మహా సంతోషం. ‘ఓన్లీ జస్ట్’ అంటే సందర్భాన్ని బట్టి ఇప్పుడిప్పుడే, లేదా బొటాబొటిగా.

తెలుగు వైపు కూడా చిన్న చిక్కు లేకపోలేదు. ‘ఏ’ మూడు పనులు చేస్తుంది కాబట్టే, కచ్చితంగా తోసిపుచ్చవలసిన చోట అది ఒక్కటే చాలదు. ‘ఈ వరస స్త్రీలకే’ అంటే ఆ వరస మీద స్త్రీలకు హక్కుందని నొక్కి చెప్పినట్టూ ఉండవచ్చు. ‘స్త్రీలకు మాత్రమే’ అంటే పురుషులు కూర్చోరాదు. ప్రభుత్వ ప్రకటనలు ‘మాత్రమే’ను పట్టుకోవడం అందుకే సమంజసం. మాత్ర అంటే కొలత. ఛందస్సులో మాత్ర, మందుల కొట్టులో మాత్ర, ‘మాత్రమే’లోని మాత్ర మూడూ ఆ కొలతే. అంత కొలతే, దాన్ని దాటి లేదు అని దాని భావం. చివరి ‘ఏ’ తీసేస్తే పని మారిపోతుంది. ‘నువ్వు మాత్రమే రా’ అంటే ఇంకెవరినీ తీసుకురావద్దు. ‘నువ్వు మాత్రం రా’ అంటే మిగతావాళ్లు వచ్చినా రాకపోయినా నువ్వు తప్పకుండా రావాలి. పెళ్లి పిలుపులో ఈ రెండూ తారుమారైతే రెండో మనిషిని తీసుకువెళ్లాలా వద్దా అన్నదే తేలదు.

అయితే చట్టం, ప్రకటన, చెక్కు దాటి మామూలు తెలుగు వచనంలోకి కూడా ‘మాత్రమే’ విచ్చలవిడిగా వచ్చేసింది. ఇంగ్లీషు ‘ఓన్లీ’ కనిపించగానే చేతికి అదొక్కటే దొరుకుతోంది. ‘నాట్ ఓన్లీ’ అని మొదలయ్యే ప్రతి ఇంగ్లీషు వాక్యమూ ‘మాత్రమే కాకుండా’గా దిగుతోంది. ‘ఆయన రచయిత మాత్రమే కాకుండా గాయకుడు కూడా’ అనే బదులు ‘ఆయన రచయితే కాదు, గాయకుడు కూడా’ అన్నా, ‘రచనతో పాటు పాటా వచ్చు’ అన్నా ఊపిరి ఆడుతుంది. ‘కేవలం ఇద్దరు వ్యక్తులు మాత్రమే హాజరయ్యారు’ అన్న వార్తా వాక్యంలో ‘కేవలం’, ‘మాత్రమే’ రెండూ ఒకే పని చేస్తున్నాయి. ‘ఇద్దరే వచ్చారు’ అంటే సగం మాటల్లో అదే సంగతి మరింత బలంగా చేరుతుంది. తక్కువ మంది వచ్చారన్న బాధ కూడా ఆ ‘ఏ’లోనే ఉంది.

అనువాదం చేసేవారు ‘ఓన్లీ’ ఎదురైనప్పుడు ఆగి చూసుకోవలసింది దాన్ని తెలుగులో ఏమంటారని కాదు. వాక్యంలో అది ఏ మాటను పట్టుకుంది, పట్టుకుని ఏం చేస్తోంది అని. తోసేస్తుంటే ‘మాత్రమే’, ‘ఒక్కడే’, ‘తప్ప’ ఉన్నాయి. తక్కువ చేస్తుంటే ‘ఉత్త’, ‘అంతే’, ‘కదా’ ఉన్నాయి. ఆలస్యం చెబుతుంటే ‘గాని’ ఉంది. ఆశ విరిస్తే ‘తీరా’ ఉంది. ‘ఫీజు కడితే గాని రసీదు ఇవ్వరు’ అని ఒక గుమాస్తా తన కిటికీ పక్కన అట్ట మీద రాస్తే, దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి ‘ఓన్లీ’ ఎక్కడ ఉంచాలా అని ఆలోచించాలి. తెలుగులో చదువుకునే మనిషికి ఆ ఆలోచన అక్కర్లేదు. జేబులో చెయ్యి పెట్టి ముందు డబ్బు తీస్తాడు.